ఖాళీగా ఉన్న తల

“తలస్నానం చేశావా?” అన్నారు మా ఆయన, నేను స్నానాల గదిలోంచి ఇంకా రెండో కాలు బయట పెట్టకముందే.

నా జుట్టుకు చుట్టిన తువ్వాలు చూసి ఆయన నోట్లో బ్రష్షు అలాగే ఆగిపోయింది. పక్కింటికి నిప్పంటుకుందన్నా అంత కంగారుపడే మనిషి కాదు.

“చేశాను. వారం నుంచీ వద్దు వద్దంటున్నారు. దురద పుడుతోంది.”

“సాయంత్రం కచేరీ పెట్టుకుని చేశావా? కడిగిన జుట్టు మైకుకి తగిలితే ఎలా ఉంటుందో నీకు తెలీదూ? గడ్డిమోపులో ఎలక దూరినట్టుంటుంది! స్టేజీ మీద ఆవిడెవరో వయొలిన్ వాయిస్తుంటే నేను ఎలకని రికార్డు చేసుకోవాలా?”

పెళ్ళాం ఎప్పుడు తల కడుక్కోవాలో మొగుడు చెప్పే ఇల్లు ఇంకెక్కడైనా ఉందో లేదో నాకు తెలీదు. మా ఇంట్లో మాత్రం అది ఆయన శాఖ. దానికో కారణం ఉంది. ముందు అది చెప్పాలి, లేకపోతే మాది పిచ్చాసుపత్రి అనుకుంటారు.

మా ఆయన వారమంతా ఆఫీసులో గుమాస్తా. సెలవు రోజుల్లో ‘ధ్వని వేటగాడు’. ఆ బిరుదు ఎవరూ ఇవ్వలేదు, ఆయనే పెట్టుకున్నారు. పక్షుల కూతలు, కప్పల బెకబెకలు, వాన చప్పుళ్ళు, సంగీత కచేరీలు, వినిపించేది ఏదైనా పట్టుకుంటారు. ఆయన పద్ధతి వేరు. మిరియపు గింజంత మైకులు రెండు, చెవికొకటి చొప్పున పెట్టాలి. అలా చేసిన రికార్డింగును హెడ్‌ఫోన్లతో వింటే మనం అక్కడే ఉన్నట్టుంటుంది. కుడివైపు పిట్ట కుడివైపే కూస్తుంది. వెనక ఎవరైనా నడిస్తే వీపు జలదరిస్తుంది. చిక్కల్లా ఒక్కటే. ఆ రెండు మైకుల మధ్యా ఒక మనిషి తల ఉండాలి. తలని చుట్టుకుని, చెవుల డొప్పల్లో పడి వస్తేనే శబ్దానికి ఆ వంపు వస్తుంది. పైగా మైకులు ఎవరి కంటా పడకూడదు. స్టాండు కనిపిస్తే పిట్టలు ఎగిరిపోతాయి. కచేరీవాళ్ళు అనుమతి ఇస్తారు కానీ, కళ్ళముందు కర్రా వైరూ కనిపించకూడదంటారు. పక్క సీటువాళ్ళు చూశారంటే మరీ ప్రమాదం, మైకు ఉందని తెలియగానే అందరికీ దగ్గొస్తుంది.

మొదట ఆయన సొంత తలే వాడారు. కళ్ళజోడు కాడలకి మైకులు కట్టుకుని చెరువు గట్టున కూర్చున్నారు. తీరా వింటే పిట్టలకన్నా ముందు ఆయన ముక్కు ఈల వేసింది. సరే, కచేరీలో పాటకి ముక్కు కలిసిపోతుందిలే అని అక్కడికి వెళ్ళారు. మా ఆయనకి సంగీతం వింటే తల దానంతటదే ఊగుతుంది. తల ఊగితే మైకులూ ఊగుతాయి, మైకులు ఊగితే హాలంతా ఊగుతుంది. ఆ రికార్డింగులో గాయకుడు ఉయ్యాల మీద కూర్చుని పాడినట్టు వచ్చింది. విన్న స్నేహితుడికి వాంతి అయింది.

తర్వాత నేను పనిచేసే దుకాణం నుంచి బట్టలు తొడిగే బొమ్మ తల ఒకటి తెప్పించుకున్నారు. మాది బట్టలు సరిచేసే దుకాణం. లావెక్కినవాళ్ళకి వదులు చేస్తాం, చిక్కినవాళ్ళకి బిగిస్తాం, చిక్కుతామని ఆశపడేవాళ్ళకి కుట్టు లోపల గుడ్డ దాచి ఉంచుతాం. ఆ బొమ్మ తలని సంచీలో పెట్టుకుని బస్సెక్కితే జిప్పు జారి, ఎదుటి సీటు ముసలావిడ పెట్టిన కేకకి బస్సు ఆగిపోయింది. హాల్లో దానికి టోపీ పెట్టి, స్కార్ఫు చుట్టి, పక్క కుర్చీలో నిలబెట్టారు. టికెట్ చూసేవాడు వచ్చి ఎన్నిసార్లు అడిగినా పలకకపోయేసరికి గుండెపోటేమోనని డాక్టర్‌ని పిలిచాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, బొమ్మ తలని బల్ల మీద పెట్టి దిగులుగా కూర్చున్నారు. నేను ఎదురుగా కూరలు తరుగుతున్నాను. ఆయన బొమ్మ వంక చూశారు, నా వంక చూశారు, మళ్ళీ బొమ్మ వంక చూశారు. ఒక్కసారిగా మొహం వెలిగిపోయింది.

“ఛ! ఇన్నాళ్ళూ తట్టనేలేదు. మనింట్లోనే ఒక తల ఖాళీగా ఉందిగా!”

ఖాళీగా అంటే పనిలేకుండా అనా, లోపల ఏమీ లేకుండా అనా అన్నది ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ అక్కడే అయిపోయేదేమో.

నా తల గొప్పగా పనికొచ్చింది. అది కదలదు. కదలని తలలు ఊరికే తయారవవు. కాపురానికి వచ్చిన కొత్తలో “ఏమిటా తల తిప్పుడు?” అని మా అత్తగారు, “చెప్పేటప్పుడు అటూ ఇటూ చూడకు” అని మా ఆయన, “తల దించుకుని పని చేసుకో” అని దుకాణం యజమాని, ఇంతమంది కలిసి సానబెట్టిన తల అది. చిత్రమేమిటంటే ఇంట్లో ఆయన ఏం చెప్పినా నేను తల ఊపాలి, కచేరీలో ఎంత బాగున్నా తల ఊపకూడదు. చప్పట్లు కొట్టకూడదు, చెవి పక్కన పిడుగులు పడినట్టుంటుంది. దగ్గకూడదు. మంద్రంగా పాడుతున్నప్పుడు గుటక వేయకూడదు. ఒకసారి తోడి రాగం వింటూ కళ్ళమ్మట నీళ్ళు తిరిగితే ఆయన పక్కనుంచి చీటీ అందించారు. ‘ముక్కు ఎగబీల్చకు’ అని.

మైకులు అమర్చే పని కూడా నాదే. మొదట అంటుకునే టేపు వాడాం. టేపుతోబాటు జుట్టూ వచ్చేది. క్లిప్పులకి బిగిస్తే జారిపోయేవి. చివరికి నేనే పాత మెత్తటి నూలు గుడ్డతో తలకి పెట్టుకునే పట్టీ ఒకటి కుట్టాను. చెవులకి సరిగ్గా పైన చిన్న జేబులు, వాటిలో మైకులు, వాటి ముందు గాలి కొట్టకుండా బొచ్చు ముక్క. అది మా అత్తగారి చలికోటు కాలర్‌లోది. ఆవిడ ఇంకా గమనించలేదు. వైరు చెవి వెనకనుంచి జుట్టు కిందుగా మెడ మీదికి దిగుతుంది. కాలర్ లోపల వైరుని చిన్న మెలిక తిప్పి కుట్టేస్తాను, లాగినా ఆ లాగుడు మైకుదాకా పోకుండా. రికార్డర్ నడుముకున్న సంచీలో. పైన జుట్టు దువ్వేస్తే అదో మామూలు పట్టీ. పక్కనే కూర్చున్నవాళ్ళకి కూడా తెలీదు. ఆయన స్నేహితులు “బ్రహ్మాండంగా అమర్చావోయ్” అంటే ఆయన “ఏదో, మెదడుకి పని చెప్పాం” అంటారు. ఏ మెదడుకో చెప్పరు. రికార్డింగుల కింద వివరాలు రాసుకుంటారు. మైకులు: ఫలానా రకం. రికార్డర్: ఫలానా రకం. స్టాండు: సహజమైనది.

ఆ సహజమైన స్టాండు ఆ ఉదయం తల కడుక్కుంది. అదీ గొడవ.

“ఆ తువ్వాలు తీయకు. జుట్టు తడిగానే ఉంచు. సాయంత్రం దాకా అలాగే ఉండు” అంటున్నారు ఆయన. నేను “జలుబు చేస్తుంది, తుమ్ములొస్తాయి, అప్పుడేం చేస్తారు?” అంటున్నాను. అంతలో ఫోన్ మోగింది.

రేడియోవాళ్ళు. హెడ్‌ఫోన్లతో వినే కార్యక్రమం ఒకటి కొత్తగా మొదలుపెడుతున్నారు. దానికి మా ఆయన ఇప్పటిదాకా చెరువు పంపారు, అడవి పంపారు, వాన పంపారు. అన్నీ తిరిగొచ్చాయి. పోయిన వారం ఆఖరి ప్రయత్నంగా ఇంకొకటి పంపారు. పంపారంటే, పంపించమని నాతో చెప్పారు.

ఆయన గొంతు సవరించుకుని, మేమూ వినాలని స్పీకర్ పెట్టారు. ప్రొడ్యూసరమ్మ మాట్లాడుతోంది.

“మీరు పంపిన ‘ఉదయం’ విన్నామండీ. ఆఫీసులో అందరం కూర్చుని విన్నాం. ఒకావిడైతే ఏడ్చేసింది.”

ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు, నేనేదో మాట్లాడేస్తానన్నట్టు. “ఆ చోటు అలాంటిదండీ” అన్నారు.

“ఎన్నేళ్ళ నుంచి వింటున్నారు ఆ గొంతులు?”

“ఏళ్ళ తరబడి! ఓపిక కావాలండీ. చెట్టు చాటున ఊపిరి బిగబట్టి నిలబడాలి.”

“చెట్టు చాటునా? భలేవారండీ మీరు!” అని ఆవిడ పకపకా నవ్వింది. “అందులో ఎడమవైపు నుంచి ఒక ముసలి గొంతు వస్తుంది చూడండి. గీరగా, ఆగకుండా. దాని ముందు మిగతావన్నీ దిగదుడుపే.”

“అదాండీ! ఆ చుట్టుపక్కల దాన్ని ఎరగనివాళ్ళు లేరు. జంట పోయి చాన్నాళ్ళయింది. అప్పట్నుంచీ అరుపు ఎక్కువైంది.”

వంటింటి గుమ్మంలో టీ గ్లాసుతో నిలబడ్డ మా అత్తగారు “అయ్యో పాపం, ఏ పిట్టరా అది?” అన్నారు.

“మరి ఆ వెనకనుంచి వచ్చే మగ గొంతు? ఏదైనా కావాల్సి వస్తేనే వినిపిస్తుంది.”

“మగవి అంతేనండీ” ఆయనకి హుషారు వచ్చేసింది. “గూడు సర్దేది, మేత తెచ్చేది, పిల్లల్ని సాకేది అంతా ఆడదే. మగది ఓ చోట కూర్చుని ఛాతీ పొంగించుకుంటుంది. ఆకలేస్తే అరుస్తుంది. ప్రకృతి ధర్మం!”

“ఎంత నిజాయితీగా చెప్పారండీ” అంది ప్రొడ్యూసరమ్మ మెల్లగా. “తన గురించి ఇలా ఒప్పుకున్న మగవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. ‘నా సాక్సులు ఏ మూల తగలేశావ్’ అన్నప్పుడు నేను నిజంగానే వెనక్కి తిరిగి చూశాను. మా ఆఫీసులో ఆడవాళ్ళందరూ తిరిగారు.”

ఆయన చెయ్యి నా భుజం మీదనుంచి జారిపోయింది.

జరిగిందేమిటో ఆ క్షణంలో నాకు అర్థమైంది. పోయిన శనివారం రాత్రి నేను కొత్త పట్టీ కుట్టాను. కొత్త మైకుల జత వచ్చింది, పాతవాటికన్నా చిన్నవి. గుడ్డ రాపిడి వినిపిస్తుందో లేదో చూడాలంటే పట్టీ పెట్టుకుని నాలుగు పనులు చేయాలి, వంగాలి, లేవాలి. ఆదివారం పొద్దున్నే పట్టీ పెట్టుకుని మీట నొక్కి పనిలో పడ్డాను. పడ్డాక మైకుల సంగతే మర్చిపోయాను. బ్యాటరీ అయిపోయేదాకా అది తిరుగుతూనే ఉంది. దానికి ‘ఉదయం’ అని పేరు పెట్టాను. అంతకుముందు ఆయన చెరువు గట్టున నా తలతో మళ్ళీ చేసిన రికార్డింగుకీ ఆయన ‘ఉదయం’ అనే పెట్టుకున్నారు. “ఆ ఉదయం అని ఉన్నది పంపించెయ్” అన్నారు సాక్సులు తొడుక్కుంటూ. పంపించేశాను. కావాలని చేశానని ఆయన ఇప్పటికీ అంటారు. అంత తెలివి ఉంటే ఎప్పుడో చేసి ఉండేదాన్ని.

“ఇంకో విషయం అడగాలి” అంటోంది ప్రొడ్యూసరమ్మ. “ఇది ఆ ఇల్లాలి చెవులతో వింటున్నాం కదా. అందరి గొంతులూ ఉన్నాయి, ఆవిడది ఒక్క ముక్క లేదు. ఆవిడకి మాటలు రావా అని మాలో మేం వాదించుకున్నాం. ఏమనుకోకండి.”

నేను మాట్లాడలేదా? గుర్తు చేసుకున్నాను. పట్టీ నెత్తికెక్కితే నా నోరు దానంతటదే మూసుకుంటుంది, ఏళ్ళ అలవాటు. ఆ ఆదివారం పాలు పొంగినప్పుడు మాట్లాడలేదు. ఉప్పెక్కువైందని అత్తగారు అన్నప్పుడు మాట్లాడలేదు. సాక్సులు వెతికి చేతికిచ్చాను, ఇదిగో అనలేదు. చొక్కా గుండీ ఊడిందంటే కుట్టాను, ఊఁ అనలేదు. అది కాదు నన్ను నిలబెట్టేసింది. ఒక పొద్దు పొద్దంతా ఈ ఇంట్లో నేను నోరు తెరవకపోతే, ‘ఏమే, అలా ఉన్నావేం?’ అని అడిగినవాళ్ళు లేరు. నా మాట లేని లోటు ఒక్కరికీ తెలీలేదు. పంచదార అయిపోతే తెలుస్తుంది మా ఇంట్లో. రేడియో ఆఫీసులో ముక్కూమొహం తెలియని ఆడవాళ్ళు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఈవిడేదీ, ఈవిడేదీ అని వెతికారట.

“అది పొరపాటున వచ్చిన ఫైలు” అన్నారు మా ఆయన బొంగురుగా. “చెరిపేయండి. అసలుది చెరువు.”

“చెరువులు మాకు చాలా వస్తాయండీ. మొదటి కార్యక్రమంగా దీన్నే వేద్దామనుకుంటున్నాం. ఎల్లుండే. అందులో వినిపించే ప్రతివాళ్ళూ సాయంత్రంలోగా ఫోన్‌లో సరే అని చెప్పాలి. రికార్డు చేసినవాళ్ళు తమ గొంతుతో, తమ పేరుతో, ముందు ఒక్క మాట చెప్పి పంపాలి. అంతే.”

ఫోన్ పెట్టేశాక ముందు తేరుకున్నది ఆయనే. పరువు పోతుందన్నారు. నలుగురిలో తల ఎత్తుకోలేనన్నారు. గదిలో ఆ చివరికి వెళ్ళి ఈ చివరికి వచ్చేసరికి నడక మారిపోయింది.

“మొదటి కార్యక్రమం అందా?”

“అంది.”

“అయితే ఇది ఒక ప్రయోగం. సంసారాన్ని అడవిలా వినడం. నేను ఎప్పట్నుంచో అనుకుంటున్నదే! ముందుమాట నేను చెబుతాను. నా పేరుతో వెళ్ళనీ.”

“రికార్డు చేసింది నేను” అన్నాను.

“నీకెందుకే ఈ పేర్ల గోల? మైకులు నావి. మెషిన్ నాది.”

“తల?”

“తల...” అని ఆగిపోయారు. నిజంగానే ఆగిపోయారు. ఆయన జవాబు కోసం వెతుక్కోవడం నేను చూడటం అదే మొదలు.

నాకు అప్పుడు తెలిసింది నాకేం కావాలో. కచేరీలు ఆయనవే అవనీ. చెరువులూ అడవులూ తీసుకోనీ. ఈ ఒక్క పొద్దు మాత్రం నాది. దీన్నెవరికీ ఇవ్వను.

ఆయన గడియారం చూసుకున్నారు. “సరే, ఆ చర్చ రేపు. ముందు జుట్టు సంగతి చూడు. మధ్యాహ్నం కల్లా పట్టీ పెట్టేసుకో.”

“ఈ సాయంత్రం నా తల ఖాళీగా లేదండీ.”

“ఏమిటి?”

“పనుంది దానికి.”

ఆయన గుడ్లప్పగించి చూశారు. ఆ చూపుకి మామూలుగా నా మెడ వంగుతుంది. జుట్టింకా తడిగా ఉండి, తువ్వాలు బరువుగా ఉండి వంచడానికి కుదరలేదు. “అయితే నేనూ సరే అనను. నా గొంతు వాడటానికి వీల్లేదని చెప్పెయ్, ఎలా వేస్తారో చూస్తా” అని విసవిసా లోపలికి వెళ్ళిపోయారు.

మా అత్తగారు టీ పూర్తిగా తాగి, గ్లాసు నా చేతికిచ్చారు. “నన్నడక్కు. నా గొంతు లోకమంతా వినిపించి నన్ను గయ్యాళి అత్తని చేద్దామనా? జంట పోయిన పిట్టనట! కన్నకొడుకు అనాల్సిన మాటేనా?”

“ఆయన నిజంగా పిట్టే అనుకున్నారు అత్తయ్యా.”

“అదీ నిజమే. వాడికి నేనూ పిట్టా ఒకటే.”

“ఒక్కసారి వినండి. విన్నాక వద్దంటే వద్దనే చెబుతాను.”

కుర్చీలో కూర్చోబెట్టి, ఆవిడ చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టాను. ఆవిడ మొదట నవ్వారు. కుళాయి శబ్దం విని వంటింటి వైపు చూసి “కట్టేయవే” అన్నారు. అంతలో ఎడమవైపుకి చటుక్కున తిరిగారు.

“ఎవరే అది, అంత గొంతేసుకుని?” అని అరిచారు.

“మీరే అత్తయ్యా.”

“నేనా? నేనంత గట్టిగా మాట్లాడతానా?” ఆ అరుపుకి కిటికీ మీద పావురం ఎగిరిపోయింది.

తర్వాత వింటూ ఉండగా ఒకచోట ఆవిడ భుజాలు ఒక్కసారి ముడుచుకున్నాయి. ఎక్కడో నాకు తెలుసు. వెనకనుంచి మా ఆయన “అమ్మా, ఊరుకో. ప్రతిదానికీ నువ్వొకత్తివి” అంటారక్కడ. ఆ మాట నేను చాలాసార్లు విన్నదే, పట్టించుకోలేదు. దాని తర్వాత వచ్చేది మాత్రం నేను కూడా రికార్డింగులోనే మొదటిసారి విన్నాను. ఎడమవైపున ఎవరో కుర్చీ వెనక్కి జరుపుతారు. చెప్పులు ఈడ్చుకుంటూ నెమ్మదిగా దూరంగా వెళ్ళిపోతాయి. తలుపు వేసిన చప్పుడు కూడా రాదు, అంత మెల్లగా వేశారు.

అత్తగారు హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

“వాడికా గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందే?”

నేను రికార్డర్ ఆపాను.

“వాళ్ళ నాన్నది” అన్నారు ఆవిడే. “అచ్చం అదే. ఆయనా వెనకనుంచే అనేవారు. ఎదురుగా నిలబడి ఒక్కటీ అన్లేదు మహానుభావుడు.” కాసేపు హెడ్‌ఫోన్ల వైరుని వేలికి చుట్టుకుంటూ కూర్చున్నారు. “ఫోన్ కలుపు” అన్నారు.

కలిపాను. ఆవిడ ఫోన్‌ని నోటి ముందు అద్దంలా పట్టుకుని కోర్టులో సాక్ష్యం చెప్పినట్టు చెప్పారు. “నేను ఎడమవైపు ముసలి గొంతుని. నాకు సమ్మతమే. కానీ ఉప్పు గురించి నేనన్నది మాత్రం తీసేయకండి. ఆ రోజు నిజంగానే ఎక్కువైంది.”

“మా అబ్బాయి ఒప్పుకోనంటున్నాడు, ఏం చేస్తారు?” అని కూడా ఆవిడే అడిగారు.

“ఫరవాలేదండీ. ఆయన మాటలు కత్తిరించేసి మిగతాది వేస్తాం” అంది ప్రొడ్యూసరమ్మ.

గది తలుపు తెరుచుకుంది. ఇంతసేపూ దాని వెనకే ఉన్నారన్నమాట.

“నేను లేకుండానా? మొదటి కార్యక్రమం... నేను లేకుండా?” అని, ఒక్క అడుగు ముందుకేసి, నాకు మాత్రమే వినిపించేలా అడిగారు. “నా గొంతు ఎలా ఉందందిట?”

“ఏదైనా కావాల్సి వస్తేనే వినిపిస్తుందన్నారు.”

“గంభీరంగా ఉందనలేదా?”

“గంభీరంగానే అన్నారు” అన్నాను. సంసారంలో ఇలాంటివి తప్పవు.

ఆయన ఫోన్ తీసుకుని సరే అన్నారు. ఆ సరే వెంటనే “అయితే ముందుమాట, పేరు మాత్రం...” అని మొదలుపెట్టబోయారు. అత్తగారు ఫోన్ లాక్కుని ఆపేశారు.

“ఒరేయ్, ఆ పొద్దున నువ్వు మంచం మీద దొర్లుతున్నావు. మీట నొక్కింది అది. పేరు నీదెలా అవుతుందిరా?”

“నీకీ విషయాలు తెలీవమ్మా. ఊరుకో...” అన్న ఆయన గొంతు మధ్యలో తెగిపోయింది. తన మాట తనకే వినిపించినట్టుంది.

“నిన్ను కన్నది నేను. నీ పేరు పక్కన ఉన్నది మీ నాన్న పేరు. అప్పుడు నేనేమీ అన్లేదు. అనాల్సింది” అన్నారు అత్తగారు. తన గదిలోకి వెళ్ళారు. ఈసారి తలుపు గట్టిగానే వేశారు.

సాయంత్రం అయింది. నా జుట్టు ఆరిపోయి, ఎన్నాళ్ళకో తేలిగ్గా, మేఘంలా భుజాల మీద పడి ఉంది. ఆయన పాత మైకుల జతని కళ్ళజోడు కాడలకి కట్టుకుని, అద్దం ముందు నిలబడి తల ఊపకుండా ఉండటం సాధన చేస్తున్నారు. సంగీతం లేకుండానే ఊగుతోంది పాపం. (ఆ కచేరీ రికార్డింగు తర్వాత విన్నాను. మొదట్లో కాస్త బాగుంది. వయొలిన్ ఆవిడ వేగం అందుకున్నాక తుఫానులో పడవ.)

నేను భోజనాల బల్ల దగ్గర కూర్చుని కొత్త పట్టీ పెట్టుకున్నాను. కడిగిన జుట్టు మైకులకి తగిలి గరగరమంది. తగలనిచ్చాను. మీట నొక్కాను. నోరు అలవాటుగా మూసుకుపోయింది. దాన్ని తెరవడానికి, నవ్వకండి, వేళ్ళతో గడ్డం పట్టుకోవాల్సి వచ్చింది. ఏం చెప్పాలో పొద్దుట్నుంచీ ఎన్నో అనుకున్నాను. ఇల్లాలి చాకిరీ గురించి, చెవుల గురించి, మౌనం గురించి. ఇంటికి తెచ్చుకున్న దుకాణం బట్టల కుట్లు విప్పుతూ కూడా మంచి మంచి వాక్యాలు కట్టుకున్నాను. ఒక్కటీ రాలేదు.

“ఈ ఉదయాన్ని రికార్డు చేసింది నేను” అన్నాను. “నా పేరు...”

“ఏమేవ్! బండి తాళాలు ఎక్కడ తగలేశావ్?”

లేవడానికి మోకాళ్ళు సిద్ధమైపోయాయి. వాటిని రెండు చేతులతో కిందికి నొక్కి పట్టుకుని నా పేరు చెప్పాను. ఇంటిపేరు లేకుండా, ఒక్క నా పేరు. మీట ఆపి, పంపించేశాను.

కాసేపటికి ప్రొడ్యూసరమ్మ ఫోన్ చేసింది. “బాగుందండీ. కానీ మధ్యలో ఎవరో కేకేశారు. ఇంకోసారి చెబుతారా?”

“ఒక్క నిమిషం ఆగండి” అని హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. ఇన్నేళ్ళుగా ఈ మైకులతో ఎన్నో గొంతులు విన్నాను. ఒక్కొక్కటీ ఏదో ఒక దిక్కునుంచి వచ్చేది. నా గొంతు ఎక్కణ్ణుంచి వస్తుందో ఎప్పుడూ వినలేదు. అది కుడినుంచి రాలేదు, ఎడమనుంచి రాలేదు. రెండు చెవుల మధ్య, సరిగ్గా నా తల లోపలినుంచి వచ్చింది.

“అక్కర్లేదండీ, అలాగే ఉంచండి” అన్నాను.

ఆయన ఎడమవైపు, వెనకాల ఎక్కడో ఉన్నారు. నేను నడిమధ్యలో ఉన్నాను.